నదినీటిలో హార్మోనులు - వానిని హరించు సూక్ష్మజీవులు

(మన సంఘపు మాసిక సభలో గావించిన ప్రసంగపు పాఠము)



నేడు మేము మాట్లాడబూనిన విషయము సభలలో తరచుగా వినబడునది కాదు. మురుగునీటిని గూర్చియు, అందులో కలిసిపోవు ఒకానొక పదార్థమును గూర్చియు, ఆ పదార్థమును తిని బ్రతుకు సూక్ష్మజీవులను గూర్చియు నాలుగు మాటలు మనవి చేయదలచినాము. మురుగునీరు అనగానే ముక్కు మూసికొనుట మనకు అలవాటు. కాని మనము వదలిన నీరే ఏదో యొక చెరువునకో ఏటికో చేరి, మరల ఎవరో యొకరి బావిలోనికి వచ్చుచున్నది. కావున ఆ నీటి సంగతి తెలిసికొనుట మనకు తప్పనిసరియైన పని.

ఈస్ట్రోజెను అననేమి?

మన శరీరములోని కొన్ని గ్రంథులు అతిస్వల్ప పరిమాణములో రసములను పుట్టించి రక్తములో కలుపును. ఇవియే హార్మోనులు. దూరమునున్న అవయవములకు ఇవి వార్తాహరులవంటివి. వీనిలో స్త్రీత్వ లక్షణములను పోషించు హార్మోనుల తెగకు ఈస్ట్రోజెనులని పేరు. ఎస్ట్రోను, ఎస్ట్రడయాలు, ఎస్ట్రయాలు అను మూడును అందు ముఖ్యమైనవి. వీనిలో ఎస్ట్రడయాలు మిక్కిలి బలవత్తరమైనది. ఇవి స్త్రీలయందు మాత్రమే యుండునని తలచరాదు. పురుషుల శరీరములోను కొద్దిగా నుండును. ఆవులు, గేదెలు, గొఱ్ఱెలు, గుఱ్ఱములు మున్నగు జంతువులన్నిటియందును ఇవి కలవు.

1929వ సంవత్సరమున అమెరికాలో ఎడ్వర్డ్ డోయిసీ అను శాస్త్రజ్ఞుడును, జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ అను శాస్త్రజ్ఞుడును వేరువేరుగా ఎస్ట్రోనును శుద్ధరూపములో వేరుచేయగలిగిరి. వారు దానిని దేనినుండి తీసిరో గమనింపదగినది. గర్భిణీస్త్రీల మూత్రమునుండి తీసిరి. అనగా ఈ హార్మోనులు శరీరమును వీడి బయటకు వచ్చుచున్నవని శాస్త్రమునకు మొదటినుండియు తెలియును. అవి బయటకు వచ్చిన తరువాత ఎక్కడికి పోవుచున్నవను ప్రశ్న మాత్రము చాలకాలము ఎవరికిని తోచలేదు.

1938లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇన్‌హోఫెన్, హోల్‌వెగ్ అనువారు ఎస్ట్రడయాలునకు చిన్న తోకవంటి భాగమును తగిలించి ఇథినైల్ ఎస్ట్రడయాలు అను కృత్రిమ హార్మోనును తయారుచేసిరి. సహజమైన ఎస్ట్రడయాలును నోటిద్వారా పుచ్చుకొన్నచో కాలేయము దానిని త్వరలోనే నిర్వీర్యము చేయును. ఈ తోక తగిలించినది మాత్రము కాలేయమునకు అంత సులభముగా లొంగదు. కావుననే గర్భనిరోధక మాత్రలలో దీనిని విరివిగా వాడుచున్నారు. ఔషధముగా దానికి మేలు చేసిన ఈ గట్టిదనమే, నీటిలో చేరిన పిమ్మట చిక్కు తెచ్చిపెట్టినది. ఆ సంగతి ముందు ముందు చెప్పుదుము.

చేపలు చెప్పిన సాక్ష్యము

ఇంగ్లండులో 1980ల ప్రాంతమున, మురుగునీటి శుద్ధి కేంద్రములనుండి నీరు వచ్చి చేరుచోట్ల రోచ్ అను జాతి చేపలలో ఒక వింత కనబడెను. ఈ రోచ్ చేప మన బొచ్చె చేపకు దూరపు బంధువు. మగచేపలని తలచినవాని కడుపు కోసి చూడగా, బీజములుండవలసిన భాగమున గ్రుడ్లును కనబడినవి. ఆ నీటిలో ఏమి యున్నదో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు మగ ట్రౌట్ చేపలను పంజరములలో ఉంచి, శుద్ధి కేంద్రములనుండి వచ్చు నీటిలో దింపిరి. గ్రుడ్డులోని పచ్చసొనకు మూలమైన మాంసకృత్తు ఒకటి కలదు. దానికి వైటెలోజెనిన్ అని పేరు. ఆడచేప కాలేయము ఈస్ట్రోజెను ఆజ్ఞపై దానిని తయారుచేయును. మగచేపకు దానితో పనిలేదు. అట్టిది పంజరములలోని మగచేపల రక్తములో అది విపరీతముగా పెరిగినట్లు తేలినది. ఈ పరిశీలన 1994లో ప్రకటింపబడెను.

1998లో సూసన్ జాబ్లింగ్, జాన్ సమ్టర్ మొదలగువారు బ్రిటనులోని నదులలో రోచ్ చేపలను పరీక్షించి ఫలితములను ప్రకటించిరి. శుద్ధి కేంద్రములకు దిగువన ఈ మార్పు చాల హెచ్చుగా కనబడినది. కొన్నిచోట్ల పట్టిన మగచేపలన్నిటియందును ఎంతోకొంత స్త్రీలక్షణము బయటపడెను. అదే సంవత్సరము మరికొందరు శాస్త్రజ్ఞులు ఆ నీటిని భాగములుగా విడదీసి, ప్రతిభాగమును పరీక్షించి, దోషులను పట్టుకొనిరి. ఎస్ట్రోను, ఎస్ట్రడయాలు, ఇథినైల్ ఎస్ట్రడయాలు - ఇవియే ఆ దోషులు.

వీని పరిమాణమెంత? లీటరు నీటికి కొన్ని నానోగ్రాములు మాత్రమే. నానోగ్రామనగా గ్రాములో 100 కోట్లవ వంతు. ఒక కిలోమీటరు పొడవు, అరకిలోమీటరు వెడల్పు, రెండు మీటర్ల లోతు గల చెరువును ఊహించుకొనుడు. అందులో 100 కోట్ల లీటర్ల నీరు పట్టును. ఆ చెరువంతటిలో ఒక గ్రాము మందును కలిపినచో లీటరునకు ఒక నానోగ్రాము చొప్పున తేలును. ఇంత స్వల్పమైనది ఏమి చేయగలదని అనిపించుట సహజమే. దానికి సమాధానము కెనడా దేశమునుండి వచ్చినది.

కెనడాలోని ఆంటేరియో రాష్ట్రమున, శాస్త్రపరీక్షలకై కేటాయించిన చిన్న సరస్సుల ప్రాంత మొకటి కలదు. అందులో 260వ సంఖ్య గల సరస్సులో 2001 మొదలు 2003 వరకు మూడు వేసవులపాటు, కారెన్ కిడ్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె సహచరులును, ఇథినైల్ ఎస్ట్రడయాలును లీటరునకు 5, 6 నానోగ్రాములు ఉండునట్లు కలుపుచు వచ్చిరి. ఆ సరస్సులో ఫ్యాట్‌హెడ్ మిన్నో అను చిన్నచేపలు అపారముగా నుండెను. అవి అల్పాయువులు, ప్రతియేటను క్రొత్తపిల్లలు పుట్టుచుండిననేగాని వాని సంతతి నిలువదు. మగచేపలలో పచ్చసొన మాంసకృత్తు పెరిగినది. బీజకోశముల వృద్ధి కుంటుపడినది. పిల్లలు పుట్టుట మానినవి. కొద్దియేండ్లలోనే ఆ జాతి సరస్సులో దాదాపు అంతరించు స్థితికి వచ్చెను. 2007లో ఈ వృత్తాంతము ప్రకటితమైనప్పుడు లోకము విస్తుపోయినది. చిన్నచేపలు తగ్గగా, వానిని తిని బ్రతుకు పెద్దచేపలకును ఆహారము కొరతపడెను.

అయితే ఆ కథకు రెండవ భాగము కూడ కలదు. మందు కలుపుట మానిన కొన్ని సంవత్సరములకు ఆ చిన్నచేపల సంతతి మరల పెరిగి మునుపటి స్థితికి వచ్చినది. రావలసినది ఆగినచో ప్రకృతి తన్ను తాను బాగుచేసికొనగలదని దీనివలన తెలియుచున్నది. ఆ బాగుచేయు పనిలో అధికభాగము ఎవరిది? కంటికి కనబడని సూక్ష్మజీవులది. ఇక వాని కథకు వత్తుము.

మూట విప్పు జీవి, మూట మింగు జీవి

మన కాలేయము వాడిపోయిన ఈస్ట్రోజెనులను ఊరక బయటకు పంపదు. ఒక్కొక్క అణువునకును గ్లూకురానిక్ ఆమ్లమునో, గంధకమునకు సంబంధించిన సల్ఫేటునో తగిలించి, అనగా మూటగట్టి, నీటిలో కరగునట్లు చేసి మూత్రములో పంపివేయును. మూటగట్టిన హార్మోనునకు పనిచేయు శక్తి యుండదు. ఆ రూపములోనే అది నదికి చేరినచో చేపలకు బాధ యుండకపోవును.

కాని మన ప్రేవులలోను, మలములోను ఎషెరిషియా కోలై అను బాక్టీరియా కోట్లకొలది నివసించుచుండును. దానికి గ్లూకురానిక్ ఆమ్లము మంచి ఆహారము. అది తన యొద్దనున్న ఎంజైముతో ఆ మూటముడి విప్పి, ఆమ్లమును తాను తిని, హార్మోనును విడిచిపెట్టును. ఆ విధముగా మురుగుకాలువలో ప్రయాణము చేయుచుండగనే నిర్వీర్యమైన హార్మోను తిరిగి సజీవమగుచున్నది. ఈ చిక్కును పెంచినదియు బాక్టీరియాయే, తీర్చునదియు బాక్టీరియాయే. అందరును ఒకే కులమువారు కారు. ఎవరి ఆహారము వారిది, ఎవరి పని వారిది.

శుద్ధి కేంద్రములో జరుగునది

1914లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున ఆర్డెర్న్, లాకెట్ అను ఇద్దరు రసాయనశాస్త్రజ్ఞులు మురుగునీటిలోనికి గాలిని ఊదుచు పరీక్షలు చేసిరి. అడుగున పేరుకొనిన బురదను పారవేయక, దానినే మరల క్రొత్త మురుగునీటిలో కలిపి గాలి ఊదిరి. అంతకుముందు వారములు పట్టిన పని గంటలలో ముగియుట కనుగొనిరి. ఆ బురద మట్టి కాదు, బాక్టీరియాల సమూహము. దీనికే ఉత్తేజిత బురద పద్ధతి యని పేరు. నేడు లోకమునందలి పెద్ద పట్టణములలో అధికభాగము ఈ పద్ధతినో, దీనినుండి పుట్టిన పద్ధతులనో అనుసరించుచున్నవి. మజ్జిగలో పాతతోడు వేసి క్రొత్తపాలను పెరుగు చేయుటవంటిదే యిది. పాతబురదయే క్రొత్తనీటికి తోడు.

ఈ పద్ధతిని రూపొందించినవారు ఈస్ట్రోజెనులను ఉద్దేశించి దానిని చేయలేదు. ఎస్ట్రోనును వేరుచేయుటకే ఇంకను 15 సంవత్సరములు పట్టినది. మలినమును, దుర్గంధమును పోగొట్టుటకే వారు దీనిని ఏర్పరచిరి. అయినను ఆ బురదలోని జీవులు మనము అడుగకయే హార్మోనులను తినుచు వచ్చినవి.

ఎట్లు తినుచున్నవో తెలిసికొనుటకు ఆ అణువు నిర్మాణమును కొంచెము చూడవలెను. ఈస్ట్రోజెను అణువులో నాలుగు వలయములు ఒకదానికొకటి అంటుకొని యుండును. మూడు ఆరుకోణముల వలయములు, నాలుగవది ఐదుకోణములది. మొత్తము 18 కర్బన పరమాణువులు. మొదటి వలయము బెంజీను వలయమువంటిది, మిక్కిలి గట్టిది. అదియే ఈస్ట్రోజెనునకు ప్రత్యేకత. దానితోడనే అది కణములలోని తాళమునకు చెవివలె సరిపడును. ఆ వలయము పగిలినచో చెవి విరిగినట్లే. ఇక హార్మోను పని చేయజాలదు.

2002లో జపాను శాస్త్రజ్ఞులు టోక్యో నగరములోని శుద్ధి కేంద్రపు బురదనుండి ఎస్ట్రడయాలును తిను బాక్టీరియాను వేరుచేసినట్లు ప్రకటించిరి. దానికి పిదప నోవోస్ఫింగోబియం టార్డౌజెన్స్ అని పేరుపెట్టిరి. టార్డౌజెన్స్ అనగా నెమ్మదిగా పెరుగునది. ఈ పేరు ముందు చెప్పబోవు ఒక సంగతికి ముఖ్యము, జ్ఞాపకముంచుకొనుడు.

2007లో మరికొందరు శాస్త్రజ్ఞులు ఉత్తేజిత బురదనుండియే 14 రకముల బాక్టీరియాలను వేరుచేసి పరీక్షించిరి. ఈ పదునాలుగును ఎస్ట్రడయాలును ఎస్ట్రోనుగా మార్చగలిగినవి. ఎస్ట్రోనును తరువాతి మెట్టుకు తీసికొనిపోగలిగినవి మూడు మాత్రమే. ఎస్ట్రడయాలునే ఏకైక ఆహారముగా గొని పెరుగగలిగినది ఒక్కటియే, దానిని కె.సి.8 అని పిలిచిరి. మొదటి మెట్టు ఎక్కువారు పలువురు. చివరివరకు పోవువారు అరుదు. అందుచేతనే చాల శుద్ధి కేంద్రములలో ఎస్ట్రడయాలు త్వరగా తగ్గిపోయినను, ఎస్ట్రోను మిగిలి నదికి చేరుచుండును. ఎస్ట్రోను బలహీనమైనదేగాని నిరపాయకరము కాదు. ప్రాణవాయువు లేని చోట అది మరల ఎస్ట్రడయాలుగా మారుటయు కలదు.

కె.సి.8 ఆ పనిని ఏ క్రమమున చేయునో 2017లో తైవానులోని యిన్-రూ చియాంగ్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును వివరముగా బయటపెట్టిరి. మొదట ఎస్ట్రడయాలులోని ఐదుకోణముల వలయమునుండి ఉదజనిని తీసివేసి ఎస్ట్రోనుగా మార్చును. రెండవదిగా ప్రాణవాయువు సహాయముతో మొదటి వలయమునకు మరియొక ఆమ్లజని పరమాణువును తగిలించును. గోడకు కన్నము వేయుటకు ముందు గుర్తు పెట్టుకొనుటవంటిదది. మూడవదిగా సరిగా ఆ గుర్తు ప్రక్కనే, మరల ప్రాణవాయువుతోనే, గట్టివలయమును పగులగొట్టును. ఆ క్షణముననే హార్మోను శక్తి నశించును. తరువాత మిగిలిన వలయములను ఒక్కొక్కటిగా విడదీసి, కొంత కర్బనమును తన దేహనిర్మాణమునకు వాడుకొని, తక్కినదానిని బొగ్గుపులుసు వాయువుగాను నీరుగాను వదలివేయును. ఈ మెట్లలో ముఖ్యమైన రెంటికి ప్రాణవాయువు తప్పనిసరి యని గమనింపుడు. అందుచేతనే శుద్ధి కేంద్రములలో గాలి ఊదు యంత్రములు రాత్రింబవళ్ళు తిరుగవలెను.

గాలి లేనిచోట

మరి గాలి చొరని అడుగు బురదలో ఏమి జరుగును? 2006లో జర్మనీ శాస్త్రజ్ఞులు డెనిట్రాటిసోమా ఎస్ట్రడయోలికం అను బాక్టీరియాను వర్ణించిరి. ఇది ప్రాణవాయువు లేకున్నను నైట్రేటులను ఆధారము చేసికొని ఎస్ట్రడయాలును తినగలదు. గట్టివలయమును పగులగొట్టుటకు ఆమ్లజని లేనప్పుడు ఈ జీవి ఏ యుపాయము పన్నుచున్నదో చాలకాలము అంతుపట్టలేదు. 2020లో తైవాను శాస్త్రజ్ఞులే ఆ తెగకు చెందిన మరియొక బాక్టీరియాను పరీక్షించి రహస్యమును ఛేదించిరి.

అది వలయమును పగులగొట్టదు. 18 కర్బనముల ఈస్ట్రోజెనునకు మరియొక కర్బనమును చేర్చి, 19 కర్బనములు గల పురుషహార్మోనుగా మార్చివేయును. ఈ చేర్పుతో మొదటి వలయపు గట్టిదనము సడలిపోవును. పిదప పురుషహార్మోనులను విచ్ఛిన్నము చేయు మార్గమున దానిని తినివేయును. ఈ చేర్పునకు బి12 విటమినుకు సంబంధించిన పదార్థము ఆ జీవికి సాధనము. మానవశరీరములో పురుషహార్మోను ఈస్ట్రోజెనుగా మారుట సహజమైన త్రోవ. ఆ త్రోవలో వెనుకకు నడుచు జీవి యొకటి కలదని అంతవరకు ఎవరును ఎరుగరు. కోట తలుపు బ్రద్దలుకొట్టలేనివాడు సొరంగమున ప్రవేశించినట్లున్నది.

మొండి అణువు

ఇక కృత్రిమమైన ఇథినైల్ ఎస్ట్రడయాలు సంగతి. సహజ హార్మోనును ఎస్ట్రోనుగా మార్చు మొదటి మెట్టు ఐదుకోణముల వలయమున జరుగునని చెప్పితిమి. కృత్రిమ హార్మోనునకు తోక తగిలించినది సరిగా ఆచోటనే. వాకిట అడ్డముగా కూర్చున్నవాని చందమున అది బాక్టీరియాల ఎంజైమును దరిజేరనీయదు. అందుచేత ఇది సహజమైనవానికంటె చాల నెమ్మదిగా తగ్గును. చేపలయెడ దీని బలము కూడ సహజ హార్మోనునకు ఎన్నో రెట్లు.

2000వ సంవత్సరమున హాలండు శాస్త్రజ్ఞులు ఒక విశేషము కనుగొనిరి. మురుగులోని అమ్మోనియాను నైట్రేటుగా మార్చు బాక్టీరియాలు హెచ్చుగా నున్న బురదలో ఈ మొండి అణువు కూడ మార్పు చెందినది. ఆ ఘనత అమ్మోనియాను మార్చు జీవులదేనా, వానితో కలసి పెరుగు ఇతర జీవులదా యను విషయమై పిదప వాదోపవాదములు జరిగినవి. వాదము ఎట్లున్నను ఆచరణకు పనికివచ్చు సారము ఒకటియే. అమ్మోనియాను మార్చు బాక్టీరియాలును, హార్మోనులను చివరివరకు తిను బాక్టీరియాలును నెమ్మదిగా పెరుగునవి. టార్డౌజెన్స్ అను పేరును జ్ఞాపకము చేసికొనుడు. బురదను రెండు మూడు దినములకే తీసి పారవేసినచో త్వరగా పెరుగునవి మాత్రమే మిగులును, నెమ్మదివి కొట్టుకొనిపోవును. బురదను పది దినములకు మించి తొట్టెలో నిలుపు కేంద్రములలో ఈస్ట్రోజెనులు బాగుగా తగ్గుట పరిశీలనలలో కనబడినది. నిదానము కలవానికి పని చేయుటకు వ్యవధి నీయవలెనను నీతి మన యిండ్లకే గాక బురదతొట్టెకును వర్తించుచున్నది.

బాక్టీరియాలకు మిగిలిపోయిన శేషమును పోగొట్టుటకు కొన్ని దేశములు ఓజోను వాయువును, ఉత్తేజిత బొగ్గును వాడుచున్నవి. స్విట్జర్లండు దేశము 2016నుండి అమలులోనికి వచ్చిన శాసనముతో ఎంపికచేసిన శుద్ధి కేంద్రములలో ఈ అదనపు మెట్టును నిర్మించుచున్నది. ఐరోపా సమాఖ్య 2015లో ఎస్ట్రోను, ఎస్ట్రడయాలు, ఇథినైల్ ఎస్ట్రడయాలులను నిఘా పట్టికలో చేర్చి, సభ్యదేశములు తమ నదులలో వానిని కొలువవలెనని నిర్ణయించినది. అయితే ఈ అదనపు మెట్టు ఖర్చుతో కూడినది. బాక్టీరియాల పని బాగుగా సాగినచోటనే దానికి అయ్యెడు వ్యయము తగ్గును. ముందు సేవకులు తిన్నగా ఊడ్చిన యింటిలోనే పన్నీరు చల్లుట సార్థకము.

మనకేమి సంబంధము?

ఈ కథ ఇంగ్లండునను, కెనడాలోను, జపానులోను, తైవానులోను జరిగినది. మనకేమి పట్టినదని ఎవరైన అడుగవచ్చును. కోలారు సీమను చూడుడు. ఆ సీమలో మనవారు తరతరములుగా స్థిరపడి, కన్నడ సోదరులతో కలసిమెలసి వ్యవసాయము చేసికొనుచున్నారు. అది జీవనదులు లేని నేల, చెరువులే దిక్కైన నేల. బెంగళూరు మురుగునీటిని ద్వితీయ శుద్ధి గావించి, గొట్టములద్వారా కోలారు చెరువులకు పంపు పథకము 2018లో మొదలైనది. రోజునకు 44 కోట్ల లీటర్లవరకు నీటిని నూరుకుపైగా చెరువులకు అందించి, భూగర్భజలమును పెంచుట దాని ఉద్దేశము. ఎండిన చెరువులు నిండుట కన్నులకు పండుగయే. ఆ పథకమును మేము నిందించుటకు రాలేదు. కాని ద్వితీయ శుద్ధి యనగా ఇంతవరకు మేము వర్ణించిన బాక్టీరియాల పనియే. ఆ చెరువులలోని చేపల మేలును, ఆ నేలలోనికి ఇంకు నీటి మేలును, బెంగళూరు తొట్టెలలోని ఆ నెమ్మదియైన జీవులమీదనే ఆధారపడియున్నవి. అవి సుఖముగా నుండవలెనని కోరుట కోలారు రైతుయొక్క స్వార్థము కూడ.

ఇట్టి విషయము విన్నప్పుడు రెండు తొందరపాటులు కలుగుట సహజము. రెంటిని గూర్చియు హెచ్చరింపవలసి యున్నది.

మొదటిది, భయము. త్రాగునీటిలో మందుల శేషములను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో ప్రకటించిన నివేదికలో, అట్టి స్వల్ప పరిమాణములవలన మనుష్యుల ఆరోగ్యమునకు హాని కలుగుట చాల అసంభావ్యమని అభిప్రాయపడినది. చేప రేయింబవళ్ళు ఆ నీటిలోనే మునిగియుండి, తన మొప్పలగుండ దానిని నిరంతరము పోనిచ్చును. మన స్థితి వేరు. కావున కుళాయినీటిని చూచి బెదరనక్కరలేదు. ప్రమాదము ముందుగా జలచరములది.

రెండవది, నింద. ఈ దోషమంతయు గర్భనిరోధక మాత్రలు మ్రింగు స్త్రీలదని కొందరు తేలికగా అనివేయుదురు. ఇది అన్యాయము. నీటిలో చేరు ఈస్ట్రోజెనులలో పరిమాణమున అధికభాగము సహజమైనవే. స్త్రీలు, పురుషులు, అందరి శరీరములనుండియు అవి వచ్చుచున్నవి. గర్భిణి శరీరము వానిని మిక్కిలి హెచ్చుగా విసర్జించును. బిడ్డను మోయు తల్లిని దానికై ఎవరు నిందింతురు? పశువుల పేడ, మూత్రములనుండియు ఎంతో వచ్చుచున్నది. పైగా ఆ మాత్రలు ఎందరో తల్లుల ప్రాణములను, ఆరోగ్యమును కాపాడినవి. దోషము ఔషధమునందు లేదు; మురుగునీటిని శుద్ధిచేయక వదలుటయందున్నది.

మనము చేయదగినవి

ఇక చేయదగిన పనులు కొన్ని మనవి చేసి ముగింతుము.

మిగిలిపోయిన మాత్రలను, గడువు తీరినవానిని మరుగుదొడ్డిలోనో కాలువలోనో వేయరాదు. శరీరముగుండ వచ్చినదానినే భరించుటకు ఆ జీవులకు కష్టముగా నుండగా, మాత్రలను నేరుగా వారి నెత్తిన వేయుట తగదు.

మురుగు గుంటలను శుభ్రపరచుటకు వచ్చు బండివాడు ఆ మురుగును ఎక్కడ పోయుచున్నాడో అడుగుడు. ఊరిబయట కాలువలోనో చెరువుగట్టుననో పోసినచో మనము డబ్బిచ్చి చెరువును పాడుచేయించినట్లగును. శుద్ధి కేంద్రమునకు చేర్చువానికే పని అప్పగింపుడు.

బహుళ అంతస్తుల భవనములలో నివసించువారు తమ భవనపు శుద్ధి కేంద్రమును ఒకసారి స్వయముగా చూచి రావలెను. విద్యుత్తు ఖర్చు తగ్గించుటకై గాలి ఊదు యంత్రమును ఆపివేయుట కొన్నిచోట్ల ఆనవాయితీ యైనది. గాలి ఆగినచో ఆ జీవులకు ఊపిరి ఆగినట్లే. మిగులు కొద్ది రూపాయల కొఱకు దిగువ చెరువును బలియీయరాదు. శుద్ధియైన నీటిలో అమ్మోనియా ఎంత యున్నదో అడిగి తెలిసికొనుడు. అమ్మోనియా బాగుగా తగ్గినదన్నచో నెమ్మదిగా పెరుగు జీవులు అచట నిలద్రొక్కుకొన్నవని అర్థము. హార్మోనులను కొలుచుటకు ఖరీదైన యంత్రములు కావలెను. అమ్మోనియాను కొలుచుట సులభము, చౌక.

పశువులు గలవారు పచ్చిపేడను, కొట్టపు మూత్రమును చెరువులోనికి పారనీయక, గోతిలో వేసి, అప్పుడప్పుడు తిరుగవేయుచు గాలి తగులునట్లు మాగనిచ్చి పొలమునకు తోలవలెను. ఇది మన పెద్దలు ఎరిగిన పద్ధతియే. బాగుగా మాగిన ఎరువులో హార్మోనులు చాలవరకు తగ్గిపోవును. ఆ పని చేయునవియు బాక్టీరియాలే.

పురపాలక సంఘములను, పంచాయతీలను మనము తరచుగా రోడ్లను గూర్చియు, దీపములను గూర్చియు అడుగుచుందుము. ఇకమీదట శుద్ధి కేంద్రములను గూర్చియు అడుగుదము. బురదను ఎన్ని దినములు నిలుపుచున్నారు? గాలి ఆగకుండ ఊదుచున్నారా? చెరువులలోని చేపలను ఎన్నడైన పరీక్షింపించినారా? ఈ మూడు ప్రశ్నలను ఏ భాషలోనైన అడుగవచ్చును. వానికి సమాధానము చెప్పవలసిన అధికారి, ప్రశ్న తెలిసి అడిగినవానిని తేలికగా త్రోసివేయజాలడు.

సభ్యులారా! ఈ సూక్ష్మజీవులు మనలను జీతము అడుగలేదు, గౌరవము కోరలేదు. మన ఇంటి మురుగును తమ విందుగా భావించి, లక్షల సంవత్సరములనుండి నేర్చిన విద్యతో దానిని నీరుగాను గాలిగాను మార్చుచున్నవి. అవి అడుగునది రెండే: కొంచెము గాలి, కొంచెము వ్యవధి. ఈ రెంటిని ఇచ్చిన ఊరి దిగువన చేపలు తమ సంతతిని నిలుపుకొనును. ఇయ్యని ఊరి దిగువన ఏమగునో ఇంగ్లండు నదులలోని రోచ్ చేపలు, 260వ సంఖ్య సరస్సులోని చిన్నచేపలు సాక్ష్యమిచ్చినవి. ఎగువనున్నవారి శ్రద్ధయే దిగువనున్నవారి నీరు. మనలో ప్రతియొకరమును ఎవరికో ఒకరికి ఎగువనే యున్నాము.